పళ్లెంలో పీఠాధిపతి

ఆత్మకూరు బజారులో ఎవరింటి గిన్నె ఎన్ని పెళ్లిళ్లు తిరిగి వచ్చిందో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అడిగితే చెప్పడు. ఆయనే చెంచయ్య. స్టీలు సామాన్ల అంగడి ముందు, మెట్ల పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చుంటాడు. జనం కొన్న బిందెల మీద, చదివించబోయే పళ్లేల మీద పేర్లు చెక్కుతాడు. ఒకరు పెట్టిన పళ్లెం ఇంకొకరికి పెట్టాలనుకున్నవాళ్లు మధ్యాహ్నం జనం పలచబడ్డాక సంచిలో దాచుకుని వస్తారు. చెంచయ్య ఒక్క మాట అడగడు. పాత అక్షరాలకు కొసలు సాగదీసి, ఆకులు తగిలించి, తీగ చేసేస్తాడు. ఆ తీగ కింద కొత్త పేరు వేస్తాడు. ఆ మండలంలో ఎక్కడైనా పళ్లెం అంచున పూలతీగ ఎక్కువగా అల్లుకుని కనబడితే నేనిప్పుడు రెండోసారి చూస్తాను.

సొంతూరు కలువాయి దగ్గర. వాళ్ల నాయనకు నాలుగు గేదెలుండేవి. ఇరవయ్యేళ్లప్పుడు అంగట్లో మూటలు దించడానికి వచ్చి, అక్కడ పేర్లు చెక్కే ముసలాయనకు చూపు మందగిస్తే ఆయన పక్కన చేరాడు. ఉలి పట్టడం అలా వచ్చింది. ఇప్పుడు యాభై తొమ్మిది నడుస్తున్నాయి. మధ్యలో అంగడి షావుకారు కరెంటుతో చెక్కే మిషన్ కొనిచ్చాడు. చెంచయ్య దాన్ని రెండు రోజులు వాడి, డబ్బాలో పెట్టేశాడు. "పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుండాది సార్" అన్నాడు నాతో.

భార్య కామమ్మది ఉదయగిరి. ఆమె తండ్రి మాల్యాద్రి గొర్రెల వ్యాపారి. సంతలో గొర్రె నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పే మనిషి. అల్లుణ్ణి కూడా అలాగే చూసేవాడు. పండక్కి వెళ్లిన ప్రతిసారీ గడపలో నిలబెట్టి, ఎడమ కనుబొమ్మ కొంచెం ఎత్తి, ఒక నిమిషం పాటు మాట్లాడకుండా చూసి, తర్వాత "రా" అనేవాడు. ఆ ఒక్క నిమిషంలో చెంచయ్యకు తను అమ్ముడుపోని గొర్రెనేమో అనిపించేది. ఇరవై ఏళ్లకు పైగా అదే చూపు. మాల్యాద్రి పోయి పదకొండేళ్లయింది.

పోయిన ఏడాది ఆగస్టులో ఉదయగిరి నుంచి ప్రేమానందం వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. అక్కడి క్యాథలిక్ చర్చిలో ఉపదేశి పని చూస్తుంటాడు, అంటే పిల్లలకు జపాలు నేర్పడం, పండగ ఏర్పాట్లు చూడటం లాంటివి. సెప్టెంబరులో చర్చి పండగకు గుంటూరు వైపు నుంచి ఒక వృద్ధ గురువు ముఖ్య అతిథిగా వస్తున్నాడు. ఆయనకు బహుమతిగా ఇవ్వడానికి అంగట్లో పెద్ద ఇత్తడి పళ్లెం తీసుకుని, రెండు లైన్లు చెక్కించాలని చెంచయ్య ముందు పెట్టాడు. పళ్లెంతో పాటు న్యూస్‌పేపర్‌లో చుట్టిన పటం ఒకటి ఉంది. దాన్ని ఫ్రేము కట్టించాలట. ఫ్యాను గాలికి పేపరు విడిపోయింది.

లోపల ఒక పాత కాగితం. అంచులు టీ చుక్కల రంగుకు తిరిగాయి. కోడిగుడ్డు ఆకారపు చట్రంలో ఒక మనిషి సగం వరకు కనబడుతున్నాడు. కొసదేలిన చిన్న గడ్డం, నాలుగు మూలల టోపీ, భుజాల మీద నుంచి జారే అల్లికల వస్త్రం, రొమ్ము మీద సిలువ. చట్రం కింద ఒక డాలు, దాని పైన వెడల్పు టోపీ, ఆ టోపీకి రెండు వైపులా వరసలు వరసలుగా కుచ్చులు. అడుగున ఏదో దేశపు అక్షరాలు.

"ఎవురు మాస్టారూ ఈయన? జడకుచ్చులు అన్నేసి పెట్టుకున్నాడు?" అన్నాడు చెంచయ్య.

"ఎవురో పీఠాధిపతంట, బిషప్పు. మూడొందల యేండ్ల నాటోడు. ఎప్పుడో మా చర్చిలో పనిచేసిన తెల్ల ఫాదర్ పెట్టెలో దొరికింది. నువ్వు పళ్లెం సంగతి చూడు."

చెంచయ్య పళ్లెం సంగతి చూడలేదు. ఉంగరాల మీద పొడి అక్షరాలు వేసేటప్పుడు వాడే భూతద్దం తీసి పటం మీదికి వంగాడు. అయిదు నిమిషాలు లేవలేదు. గిరాకీ వచ్చి నిలబడి, వెళ్లిపోయింది.

"మాస్టారూ, ఇది గీసింది కాదు. చెక్కింది."

"కాగితం మీద యాడైనా చెక్కుతారా?"

"రేకు మీద చెక్కినారు. చెక్కి, నల్లరంగు పూసి, పైపైన తుడిచి, కాగితం అద్దినారు. గీతల్లో నిలబడిన రంగు కాగితానికి పట్టింది. నేను గిన్నె మీద పేరు చెక్కి రంగు పూసి పేపర్‌తో తుడిస్తే పేపర్ మీద పేరు పడతాది చూడు, అట్టా." ఇక్కడిదాకా చెప్పి ఆగిపోయాడు. "కానీ నాకు తిరగేసి పడతాది. ఇక్కడ అక్షరాలు సక్రమంగా ఉండాయే."

మాస్టారు కూడా పటం మీదికి వంగాడు.

"అంటే ఈ పనోడు మొత్తం తిరగేసి చెక్కినాడు! మొహం తిరగేసి, కుచ్చులు తిరగేసి, ఇన్ని అక్షరాలూ తిరగేసి!" అంటూ చెంచయ్య గోనెపట్టా మీద నుంచి లేచి నిలబడ్డాడు. షావుకారు వచ్చినప్పుడు కూడా ఆయన లేచి నిలబడటం నేను చూడలేదు.

బుగ్గ మీద నీడ చూపించాడు మాస్టారుకి. దూరం నుంచి పొగలా ఉన్నది దగ్గరికి పోతే అంతా గీతలే. వెలుతురున్న చోట గీత వెంట్రుకలా సన్నబడుతుంది, గడ్డం కిందికొచ్చేసరికి లావెక్కి, మీద ఇంకో వరస అడ్డం పడుతుంది. ఒక్క చుక్క రంగు పులమలేదు. ఆ రోజు చెంచయ్య అడిగిన వరం ఒక్కటే: పళ్లెం మీద రెండు లైన్లతో పాటు ఈ మొహం కూడా తను చెక్కుతాడు. కూలి వద్దు.

"నీకు బొమ్మలొచ్చా?" అన్నాడు మాస్టారు.

"తెలుగు అక్షరాలు వచ్చు గదా. 'ఱ' చెక్కినోడికి ముక్కు ఒక లెక్కా?"

లెక్కల మాస్టారుకు ఆ లెక్క నచ్చలేదు. అయినా చెంచయ్య పటం వదల్లేదు. చివరికి మూడు వారాలు గడువు పెట్టి, మాస్టారు బస్సెక్కాడు. మరుసటి రోజు నుంచి పొద్దున్నే ఫోను.

"సారు క్షేమమేనా?"

"క్షేమం మాస్టారూ. బీరువాలో ఉండాడు."

"చెమ్మ తగలనీకు."

మొహం నేరుగా పళ్లెం మీద మొదలుపెట్టే ధైర్యం చెంచయ్యకు లేదు. అలవాటు కోసం ఇంట్లో సామాన్ల మీద పడ్డాడు. మొదటి వారం ముక్కులు. రెండో వారం కళ్లు, గడ్డం. కామమ్మ కొన్నాళ్లు గమనించలేదు. ఒకరోజు పొద్దున పప్పుగిన్నె మూత తీయబోతే దాని మీద ఒక కన్ను ఆమె వైపే చూస్తోంది. ఇడ్లీ పాత్ర తిప్పితే మూడు ముక్కులు, ఒకదాని పక్కన ఒకటి. ఆమె మంచినీళ్ల చెంబు పట్టుకుని నేరుగా అంగడి దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా ఇది? చెంబుకి గడ్డం మొలిచిందే!"

"ప్రాక్టీసే. సారు గడ్డం."

"నీ సారు గడ్డానికి మా నాయన పెట్టిన చెంబే దొరికిందా? నిన్న మా చిన్నమ్మ వచ్చి కాఫీ తాగతా గ్లాసు తిప్పి చూసి, 'ఈ సామి ఎవురే కామమ్మా, ఏ కొండ' అని అడిగింది. నేనేం చెప్పేది? ఆమె పోతా పోతా గ్లాసుకి బొట్టు పెట్టిపోయింది."

"పెట్టనీ. మంచోడే."

"వంట చేస్తా ఉంటే అన్ని పక్కల నుంచి చూస్తా ఉండాడయ్యా! ఉప్పు ఎక్కువేసినానేమో అని భయమేస్తాది నాకు."

అప్పటి నుంచి ఇంట్లో సామాన్లు ముట్టుకోకూడదని ఆమె ఆర్డరు. పళ్లెం మీద పని అంగట్లోనే మొదలైంది.

వస్త్రం దగ్గర చిక్కొచ్చింది. ఆ అల్లిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెంచయ్యకు అంతుబట్టలేదు. ఎదురుగా టైలరింగ్ అంగడి నడిపే నవ్యశ్రీని పిలిచాడు. జాకెట్లకు మగ్గం వర్కు చేయడంలో ఆమెకు పేరుంది. భూతద్దంలో చూసి, "ఇది దారాన్ని దారంతోనే అల్లింది పెద్దనాయనా. ఇదిగో, ఈ పువ్వు కాడ నుంచి ఈ పువ్వు కాడకి వంతెన మాదిరి పోతా ఉండాది" అని వేలితో దారి చూపించింది. చెంచయ్యకు దారి దొరికింది. నవ్యశ్రీకి డిజైను దొరికింది. ఫోనులో ఫోటో తీసుకుని, వారం తిరిగేసరికి మోచేతి కింద అదే అల్లిక వేలాడేట్టు జాకెట్టు కుట్టి అంగడి ముందు బొమ్మకు తొడిగింది. ఆ శ్రావణ మాసంలో అనంతసాగరం నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి "ఫాదర్ చేతుల జాకెట్టు" కావాలని అడిగారు. మూడు వందల ఏళ్ల కిందటి ఆ పెద్దమనిషి ఇది ఊహించి ఉండడు.

వస్త్రం కుదిరింది. కుచ్చులు కుదిరాయి. అడుగున ఉన్న అక్షరాల్లో పెద్దవి రెండు వరసలున్నాయి, మూలన చీమల్లాంటివి నాలుగు మాటలు. మాస్టారు చెప్పిన రెండు లైన్లు వేశాక పెద్దవాటికి పళ్లెంలో చోటు చాలలేదు. చీమల్లాంటివే అసలు పేరై ఉంటుందని, గొప్పవాళ్లు పేరు చిన్నగా వేసుకుంటారని చెంచయ్య తీర్మానించాడు. చదవడం రాకపోయినా ఒక్కో అక్షరం వంపు చూసి, పళ్లెం కిందివైపు లావుగా, అందంగా చెక్కాడు.

చూపు మాత్రం కుదరలేదు. పటంలో ఆయన ఒక వైపు దయగా, ఒక వైపు నిలదీసినట్టుగా చూస్తున్నాడు. పండగ నాలుగు రోజులుందనగా చెంచయ్య అన్నం సరిగా తినడం మానేశాడు. అయిదుసార్లు ఉలి పెట్టి, తీసేశాడు. ఒక మధ్యాహ్నం, ఎండకు బజారు ఖాళీగా ఉన్నప్పుడు, ఏమీ ఆలోచించకుండా కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే కదిలింది. కనుబొమ్మ, రెప్ప, కింద ముడత. గంటలో అయిపోయింది. పళ్లెం దూరంగా ఆనించి చూస్తే చెంచయ్యకు తెలియకుండానే నడుము నిటారైంది. చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు. చూపు కుదిరిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదనుకుని తువ్వాలలో చుట్టేశాడు.

పండగ రోజు భార్యాభర్తలిద్దరూ ఉదయగిరి బస్సెక్కారు. పళ్లెం చెంచయ్య ఒళ్లో, పటం కామమ్మ ఒళ్లో. ఏదీ చూపించమని ఆమె అడిగితే, "ముందు ఫాదర్ చూడాల" అన్నాడు. ముక్కులతో ఇప్పటికే విసిగి ఉన్న కామమ్మ మళ్లీ అడగలేదు. బస్సు దారిలో టైరు పంక్చరై, వాళ్లు చేరేసరికి పూజ అయిపోయి, షామియానా కింద సభ మొదలైంది. ప్రేమానందం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పళ్లెం లాక్కుని, విప్పి చూసే తీరిక లేక తువ్వాలతో సహా వేదిక మీద పెట్టేశాడు.

ఆ పండగకు చర్చివాళ్లే కాదు, ఊరంతా వస్తుంది. భోజనాలుంటాయి. ఆ చర్చి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ డేవిడ్‌రాజు మైకు అందుకుని, మన చర్చిలో దొరికిన అపురూపమైన పటం గురించి, దాన్ని ఇత్తడి మీదికి దించిన పనివాడి గురించి నాలుగు మాటలు చెప్పి, తువ్వాల తీసి పళ్లెం పైకెత్తాడు.

వెనక వరసలో గొర్రెల వ్యాపారం చేసే ముసలాయన ఒకడు కుర్చీలోంచి లేచాడు.

"యో! మన మాల్యాద్రి గదా!"

జనం మొత్తం మెడలు సాచారు. అవును, మాల్యాద్రే. టోపీ పెట్టుకున్నాడు, గడ్డం పెంచాడు, సిలువ వేసుకున్నాడు. కానీ ఎడమ కనుబొమ్మ ఎత్తి, ఎదుటివాడి పళ్లు లెక్కపెడుతున్నట్టు చూసే ఆ చూపు ఊళ్లో తెలియనిది ఎవరికి? ముందు వరసలో ఒకాయన అలవాటు కొద్దీ బీడీ కింద పడేసి కాలితో నలిపాడు.

"నాయనా!" అంటూ కామమ్మ వేదిక మీదికి ఎక్కేసింది. పళ్లెం ఒక అంచు ఫాదర్ చేతిలో, ఒక అంచు ఆమె చేతిలో. "గడ్డం పెంచుంటే ఇట్టే ఉండేవాడు ఫాదర్! అచ్చం ఇట్టే!" అని ఏడుస్తూ నవ్వుతోంది.

ప్రేమానందం పటాన్ని పళ్లెం పక్కన పెట్టి చూసి, కుర్చీలో కూలబడ్డాడు. "చెంచయ్యా, ఏంది ఇది? నేను పీఠాధిపతిని ఇస్తే మీ మామను తెచ్చినావే!"

చెంచయ్య మొదటిసారి పళ్లేన్ని పదిమందిలో నిలబడి చూశాడు. "నేను చేయలేదు మాస్టారూ. నాకు తెలిసిన పెద్దచూపు అదొక్కటే. చేతికి అదే వచ్చింది."

ఫాదర్ డేవిడ్‌రాజు మైకు మీద రెండుసార్లు తట్టాడు. అది కిర్రుమంది. అప్పుడు ముఖ్య అతిథి, ఆ వృద్ధ గురువు, కళ్లజోడు సవరించుకుని పళ్లెం దగ్గరికి జరిపించుకున్నాడు. ఆయనకు పాత లాటిన్ భాష బాగా వచ్చు. కింద లావుగా చెక్కిన అక్షరాలు చదివి, పటంలో మూలన ఉన్న చిన్న అక్షరాలు చదివి, ఇంకోసారి పళ్లెం చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నవ్వాడంటే పక్కనున్నవాళ్లు మంచినీళ్లిచ్చారు.

"ఏమయ్యా చెంచయ్యా, ఇక్కడ ఇంత పెద్దగా ఏం రాశావో తెలుసా?"

"సారు పేరు సామీ."

"ఆయన పేరు పటంలో పెద్ద అక్షరాల్లో ఉంది. అది నువ్వు వదిలేశావు. ఇది ఆ బొమ్మ చెక్కిన పనివాడి పేరు. 'ఫలానావాడు చెక్కెను' అని మూలన కనబడీ కనబడకుండా వేసుకున్నాడు పాపం. నువ్వు దాన్ని బోర్డు రాసినట్టు రాశావు!"

షామియానా అంతా గొల్లుమంది. చెంచయ్య మాత్రం నవ్వలేదు. "ఆయనా?" అన్నాడు. "తిరగేసి చెక్కినాయనా?" అని మళ్లీ అడిగాడు. అవునంటే, "అయితే తప్పేం లేదులే సామీ. ఉండనీండి" అన్నాడు.

వృద్ధ గురువు పళ్లెం చెంచయ్య వైపు తిప్పాడు. "పటం ఆయనది. పళ్లెం నీది. నీ పేరు కూడా మూలన వెయ్యి" అన్నాడు.

చెంచయ్య జేబులో ఉలి ఎప్పుడూ ఉంటుంది. సుత్తికి బదులు భోజనాల దగ్గర నుంచి రోకలిబండ తెచ్చారు. అది మరీ బరువని, ఎవరో స్కూటరు డిక్కీలోంచి స్పానరు తెచ్చిచ్చారు. ఊరందరి ముందు, మామగారి కనుబొమ్మ కింద, వేదిక అంచున కూర్చుని 'చెంచయ్య చెక్కినాడు' అని చెక్కాడు. వేల పేర్లు చెక్కిన చెయ్యి ఆ రెండు మాటలకు పావుగంట తీసుకుంది. 'చె' ఎత్వం కొంచెం వంకరపోయింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

బహుమతి సంగతి మిగిలింది. పళ్లెం అంచు కామమ్మ వదిలితే కదా! "ఈయన్ని నేను తీసుకుపోతే ఈ అమ్మ నా కారుకు అడ్డం పడుకునేట్టుంది" అని వృద్ధ గురువు ఒక శాలువాతో సరిపెట్టుకుని వెళ్లిపోయాడు. పటం ఫ్రేములోకి వెళ్లింది. పటమూ పళ్లెమూ రెండూ చర్చి పక్కనున్న మీటింగు హాల్లో ఎదురెదురు గోడలకు ఎక్కాయి. పీఠాధిపతి మాల్యాద్రిని దయగా చూస్తుంటాడు. మాల్యాద్రి పీఠాధిపతిని బేరానికి వచ్చిన మనిషిలా చూస్తుంటాడు. జపాలు నేర్చుకునే పిల్లలు పళ్లెం ఉన్న గోడ వైపు కూర్చోవడానికి ఒప్పుకోరు. బలవంతాన కూర్చోబెట్టినవాళ్లు తప్పులు లేకుండా అప్పచెబుతారని ప్రేమానందం మాస్టారే ఒప్పుకున్నాడు.

మాల్యాద్రి చనిపోయిన తిథికి కామమ్మ బంధువులు పదిమంది పూలు, కొబ్బరికాయలు పట్టుకుని హాలుకు వచ్చారు. మాస్టారు గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాడు. గంటసేపు మాటలయ్యాయి. చివరికి ఫాదర్ డేవిడ్‌రాజు తీర్పు చెప్పాడు: పూలు సరే, కొబ్బరికాయ బయట కొట్టుకోవాలి, పళ్లేనికి బొట్టు పెట్టకూడదు. అందరూ ఒప్పుకున్నారు. కొబ్బరి ముక్క మాస్టారు కూడా తిన్నాడు.

ఆ తర్వాత చెంచయ్యకు మొహాల ఆర్డర్లు మొదలయ్యాయి. కొండాపురం నుంచి ఒకాయన వాళ్ల నాయన ఫోటో తెచ్చాడు. చెక్కితే మాల్యాద్రి వచ్చాడు. ఒక రిటైర్డు కండక్టరు తన ఫోటోనే ఇచ్చాడు. మాల్యాద్రి టిక్కెట్టు అడుగుతున్నట్టు వచ్చాడు. చెంచయ్య సిగ్గుపడి, ఇక మొహాలు వద్దు, పేర్లే చాలనుకున్నాడు. కానీ రేణుకాదేవి అని ఒకామె వాళ్ల అత్తగారి ఫోటో తెచ్చి పట్టుబట్టింది. ముందే చెప్పాడు, అందరూ మా మామ మాదిరే వస్తారమ్మా అని. ఆమె వినలేదు. పళ్లెం తయారయ్యాక చేతిలోకి తీసుకుని, ఎడమ కనుబొమ్మ చూసి, "అచ్చం మా అత్తే" అని దణ్ణం పెట్టుకుని తీసుకుపోయింది.

మొన్న నేను అంగడి వైపు వెళితే గోనెపట్టా మీద కామమ్మ కూర్చుని ఉంది. చెంచయ్య ఎదురుగా ముక్కాలిపీట మీద, ఒళ్లో కొత్త ఇత్తడి రేకు.

"మెడ తిప్పొద్దు" అంటున్నాడు. "చెప్తే వినకపోతివి. నువ్వు కూడా మీ నాయన మాదిరే వస్తే నన్ను అడగొద్దు."

"నేను మా నాయన పోలికే గదయ్యా" అంది కామమ్మ, మెడ తిప్పకుండా. "నీకిది అలవాటైన పనే, కానియ్యి."

చెంచయ్య ఉలి పెట్టాడు. కనుబొమ్మ జోలికి పోకుండా ఈసారి ముక్కుపుడకతో మొదలుపెట్టాడు.